ఎవరు చూశారు, ఎవరు చెప్పారు

నన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను మరిచిపోను. గొప్పగా చెప్పుకునే సంగతి కాదని తెలుసు, అయినా దాచను. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో, నర్మెట్ట నుంచి వచ్చే బస్సు ఆలస్యమై నేను క్లాసులో అడుగుపెడితే "ఊరోళ్ల గడియారం వేరే ఉంటదా?" అన్న లెక్చరర్ ముఖం ఈరోజుకీ నా కళ్లముందే ఉంది. మా దండెం మీద తన దుప్పట్లు ఆరేసి, అడిగితే "దండెం అరిగిపోతదా?" అన్న పక్కింటావిడ గొంతు కూడా నా చెవిలో ఉంది. అందుకే నాకు కృతజ్ఞత తెలియదని మా ఇంట్లోనే అంటారు. అది తప్పు. అవమానం గుర్తుండే మనిషికి మేలు కూడా గుర్తుంటుంది. ఆ మేలు గురించే ఇప్పుడు రాస్తున్నాను.

నేను ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు ఒక శిక్షణ జరిగింది. చెప్పడానికి వచ్చినాయన కోస్తా వైపు మనిషి. మధ్యాహ్నం ఒక టీచర్ ఇంకా రాలేదేమని ఆయన అడిగితే, నేను లేచి "షి ఈజ్ కమింగ్ ఇట్ సీమ్స్" అన్నాను. ఆయన చాక్‌పీసు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ కట్టుకున్నాడు.

"వస్తదంట, పోతదంట! మీ అంటలన్నీ మూటగట్టుకొచ్చి ఇంగ్లీషు తోకకి కట్టేస్తే ఎలాగండీ?"

హాలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో మా జిల్లా వాళ్లూ ఉన్నారు. ఆయన కన్నా వాళ్ల మీదే నాకు కోపం ఎక్కువ. ఆయన వెక్కిరించాడు సరే, మరి ఆ ముక్కను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మాత్రం సాయంత్రం దాకా చెప్పలేదు. విన్నది విన్నట్టు, అనుమానం అనుమానంగా ఒక భాషలో చెప్పలేకపోతే ఆ భాషలో మనం ఏం మాట్లాడగలం? రోజూ మనం మాట్లాడే మాటల్లో సగం ఎవరో చెప్పినవే.

అది నాకు నేర్పింది మహబూబాబాద్ దగ్గరి బడిలో ఒక సారు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. ఆయనా ఇంగ్లీషే చెప్పేవారు. స్టాఫ్‌రూంలో ఆయన కుర్చీ పక్కనే నా కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని నేను చేసే పని ఒకటే, ఫిర్యాదు. మిగతావాళ్లు టీ గ్లాసులు పట్టుకుని బయటికి వెళ్లిపోయేవారు. ఆయన మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టేవారు.

"సార్, పెద్దసారు నాకు క్లాసు అదుపు చేయరాదన్నడంట."

"నీ ముంగట అన్నడా?"

"లేదు. అటెండర్ చెప్పిండు."

"అటెండర్ విన్నడా?"

"అతనికి క్లర్క్ చెప్పిండంట."

"మంచిది బిడ్డా. గిప్పుడు ఇదే ఇంగ్లీషుల చెప్పు. ముందుగాల నీకెట్ల తెలిసిందో చెప్పు, ఎనుక ఏం తెలిసిందో చెప్పు."

ఐ వాజ్ టోల్డ్ బై ది అటెండర్ అని మొదలుపెట్టాను. అటెండర్‌కు క్లర్క్ చెప్పాడు, క్లర్క్‌కు ఇంకెవరో చెప్పారు. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, అన్న మాట దగ్గరికి చేరేలోపు నా ఊపిరి అయిపోయింది, కోపమూ అయిపోయింది. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే అదీ గుర్తు పెట్టుకునేదాన్ని.

ఇంకోసారి ఎన్నికల డ్యూటీ దూరంగా వేశారని మండిపడ్డాను. కావాలనే వేశారని అన్నాను.

"కావాలనే అని తెలుసా, అనుకుంటున్నవా?"

"తెలుసు సార్."

"ఎట్ల తెలుసు?"

ఆయన బల్ల మీద వేలితో మూడు గీతలు గీసి చూపించారు. "మైట్, మే, మస్ట్. నీ కోపం ఎంతుందో చూసి గాదు, నీకాడ సాక్ష్యం ఎంతుందో చూసి దాన్ల ఒకటి తీస్కో."

నేను చాలాసేపు ఆలోచించి మైట్ తీసుకున్నాను. అంత చిన్న మాటతో సరిపెట్టుకోవడం నాకు చాలా కష్టమైంది.

అన్ని ఫిర్యాదులూ అలా కరిగిపోలేదు. ఒక తోటి టీచర్ నా ముఖం మీదే, నా కులం ఎత్తి, ఒక మాట అన్నాడు. సారుకు చెప్పాను. ఎవరు విన్నారని అడగబోయి ఆగిపోయారు. "నువ్వే విన్నవా?" "నేనే విన్న సార్." ఆయన నా వైపు తిరిగారు. "గిది నీ కోపమే బిడ్డా. ఎవలు ఇడువుమన్నా ఇడువకు." ఆ తర్వాత ఆయనే నాతో పెద్దసారు గదిలోకి వచ్చి నిలబడ్డారు. నా పుస్తకాల్లో ఉన్న వ్యాకరణం అంతా కలిపినా ఆ నిలబడడానికి సాటి రాదు. నా కోపాలను ఎవరూ అంత శ్రద్ధగా, ఒక్కొక్కటిగా విని విడదీసి చూడలేదు.

తర్వాత బదిలీ మీద భూపాలపల్లి జిల్లాకు వచ్చాను. చిట్యాలకూ రేగొండకూ మధ్య ఊరి బడి. చేరిన మొదటి రోజు అన్నం డబ్బా తెచ్చుకోలేదు. పిల్లల వరుస చివర ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. వంట చేసే ఆమె, పిల్లలంతా అవ్వ అని పిలిచే మనిషి, గరిటె ఆపి నన్ను పైకీ కిందికీ చూసింది.

"నెలనెల జీతమొస్తది గద మేడం. డబ్బ తెచ్చుకోరాదా? ఇది పోరగాండ్ల బువ్వ."

పిల్లల ముందు అంది. అన్నం పెట్టింది, కానీ అన్న తర్వాత పెట్టింది. ఆ మర్నాటి నుంచి నేను డబ్బా తెచ్చుకుంటూనే ఉన్నాను. ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అది నా చెవులతో నేను విన్న మాట. దాన్ని ఉంచుకునే హక్కు నాకుంది.

పోయిన ఏడాది, పత్తి ఏరే రోజుల్లో, ఒక పొద్దున పదో తరగతి పిల్లల్లో సగం మంది బల్లల మీద స్టీలు డబ్బాలు కనిపించాయి.

"ఏందివి?"

"మేడం, వంట అవ్వకు టీబీ ఉంది. మా అమ్మ అక్కడ తినొద్దన్నది."

ఇంకో పిల్ల అందుకుంది. "ఎల్లుండి బడిల తల్లిదండ్రుల మీటింగ్ మేడం. అవ్వను తీసేస్తరు. వేరే ఆమె వంటకు తయారుగ ఉంది."

వేరే ఆమె ఎవరో నాకు తెలుసు. బడి గేటు ఎదురింటి ఆమె. వంట పని కోసం ఎప్పటినుంచో చూస్తోంది. మా బడిలో వంటకు ఇద్దరు. అవ్వ, ఆమెకు తోడు ఇంకొకామె. ఒకసారి చేయి మారిన పొయ్యి మళ్లీ పాత చేతికి రావడం నేను ఏ బడిలోనూ చూడలేదు. అవ్వకు భూమి లేదు, మగడు లేడు. ఈ పొయ్యి పోతే ఆ వయసులో పత్తి చేన్లకు కూలికి పోవాలి. దగ్గే మనిషిని కూలికి పిలిచేదెవరు?

అవ్వ మీద నాకు జాలి పుట్టిందని అబద్ధం రాయను. కోపం వచ్చింది. ఫిర్యాదు చేయడం నాకు బాగా తెలిసిన పని. అది ఇలా చేసేది కాదు.

ఆ వారం నేను చెప్పాల్సిన పాఠం కూడా ఒకరి మాటను ఇంకొకరు చెప్పడం గురించే. పుస్తకంలో రాజు, మంత్రి ఏదో మాట్లాడుకుంటారు. పుస్తకం మూశాను.

"టీబీ ఉంది అన్నది ఎవరు? ఎవరికి ఎవరు చెప్పిన్రో ఒక్కొక్కరే చెప్పండి."

"మా అమ్మ చెప్పింది. ఆమె పత్తి ఏరే కాడ విన్నది."

"మాకు మా చిన్నమ్మ చెప్పింది మేడం."

తండా నుంచి వచ్చే అమ్మాయి లేచింది. "మా తండల గూడ అంటున్రు మేడం. మా భాషల గూడ గదే అంటున్రు."

"రెండు భాషలల్ల అంటే రెండు సార్లు నిజమైతదా?" అన్నాను. పిల్లలు నవ్వారు.

చెప్పినవాళ్లను బోర్డు మీద బాణాలతో కలుపుతూ పోయాను. పత్తి చేన్లో చిన్నమ్మ చెప్పింది. చిన్నమ్మకు ఆటో నడిపే మామ చెప్పాడు. అన్ని బాణాలూ ఆటో దగ్గరికి వచ్చి ఆగాయి. ఆటో ఆయన బిడ్డ అదే తరగతిలో ఉంది. తల దించుకుని లేచింది.

"మా బాపు టీబీ ఉంది అన్లే మేడం. అవ్వ భూపాలపల్లి దవాఖానకు ఆటోల పోయిందంట. తొవ్వ పొడుగుత దగ్గిందంట. టీబీ ఉండొచ్చు అన్నడు. ఇంట్ల అమ్మతోని అంటుంటే నేను విన్న."

బోర్డు మీద ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాను. ఆమెకు టీబీ ఉండొచ్చు. ఆమెకు టీబీ ఉందంట. ఆమెకు టీబీ ఉంది. రాసి పక్కకు జరిగాను. వెనక బల్ల నుంచి ఒక గొంతు వచ్చింది. "మేడం, ఉండొచ్చు నడుమల్నే ఆటో దిగిపోయింది."

నేను ఎన్నో ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. అంత తొందరగా పిల్లలకు ఎక్కడం అదే మొదటిసారి.

సాయంత్రం అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది. ఆ రోజు బడికి రాలేదు.

"ఏం మేడం, టీబీ ఎట్లుంటదో చూడనీకి వచ్చినవా?"

"ఉందా, లేదా?"

"నేను గూడ దవాఖానోళ్లను గదే అడిగిన. తెమడ తీస్కున్నరు, ఎక్స్‌రే తీసిన్రు. జర ఆగు, చెప్తం అన్నరు."

"మీటింగ్‌ల నేను మాట్లాడత. ఆమెకు ఏం లేదు, పొగకు వచ్చిన దగ్గు అని గట్టిగ చెప్త."

అవ్వ నన్ను ఆ మొదటి రోజు చూసినట్టే పైకీ కిందికీ చూసింది.

"ఎట్ల చెప్తవ్? నాకే తెల్వదు, నీకెట్ల తెలుసు?"

"మరి నిన్ను తీసేస్తే?"

"లేదని చెప్పకు మేడం. రేపు ఉన్నదని తేలితే? నీ మాట పాయె, నా మాట పాయె. ఎనుకకు మందులు తిని నయమైనా ఎవలు నమ్మరు. పరీక్ష చేసిన్రు, ఇంక తెల్వలే అని చెప్పు. తెలిసేదాక నేను పొయ్యి కాడికి రాను, పోరగాండ్ల కాడికి రాను. నేనే రాను. గని నా జాగ ఇంకొకలకు ఇయ్యొద్దని చెప్పు. అంతే చెప్పు."

ఇంగ్లీషు వ్యాకరణం చెప్పే నేను, తెలియని మాటను తెలిసినట్టు చెప్పడానికి తయారై ఆ గడప దాకా వెళ్లాను. ఆ మనిషి తన బతుకు పోయే చోట కూడా అంత మాట వద్దంది. ఆ సాయంత్రం ఆమె నన్ను ఆపినందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

లేచి వస్తుంటే వెనక నుంచి అడిగింది. "నేనంటే నీకు కోపం గద. డబ్బ మాట ఇంక మర్వలే గద. మరెందుకొచ్చినవ్?"

"మర్వలే. అది వేరే, ఇది వేరే."

"అబ్బ, మస్తు మొండిదానివి" అని నవ్వింది. నవ్వు దగ్గయింది. నేను నీళ్లు ఇచ్చి వచ్చాను.

మీటింగ్ రోజు వరండా నిండిపోయింది. మా బడి పెద్దసారు కుర్చీలో ఉన్నారు, పక్కన మేము టీచర్లం. గేటు ఎదురింటి ఆమె ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఆమె భర్త నిలబడే ఉన్నాడు. మాట అతనే మొదలుపెట్టాడు.

"టీబీ ఉన్న మనిషితోని వంటేంది సారూ? పోరగాండ్లకు ఏమన్నయితే ఎవలు జిమ్మెదారి? ఇయ్యాల్నే మార్చున్రి."

అందరూ ఒక్కసారే అందుకున్నారు. నేను లేచాను.

"టీబీ ఉందని ఎవరు చూసిన్రు?"

"అందరంటున్రు గద మేడం."

"అందరు కాదు. అన్నా, నీకెవరు చెప్పిన్రు?"

అతను ఒక ఆడమనిషి వైపు చూశాడు. ఆమె "నా మీదెందుకు పెడ్తవ్, నాకు మా మరదలు చెప్పింది" అని పక్కనున్న మరదలి భుజం మీద కొట్టింది. మరదలు ఆటో ఆయన్ను చూపించింది. మొన్న బోర్డు మీద గీసిన బాణాలే మళ్లీ నా కళ్లముందు మనుషులై కదిలాయి. ఆటో ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఏందమ్మా అందరు నా మీద వడ్తున్రు! నేను దవాఖాన కాడ దించిన, గంతే. ఉండొచ్చు అన్న. ఉండొచ్చు! నేనేమన్న డాక్టర్‌నా?"

"నీ ఆటో ఎక్కితే రోగం గూడ ఎక్కిస్తవా అన్నా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. నవ్వు మంచిదే కానీ, నవ్వుతో పొయ్యి నిలబడదు. ఎదురింటి ఆమె భర్త నా వైపు తిరిగాడు.

"సరే మేడం. మరి లేదని నువ్వు చెప్తవా?"

లేదు అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడ అది అంటే సగం మంది లేచి ఇళ్లకు పోయేవారు.

"చెప్పను. నాకు తెలియదు."

"తెల్వకుంటే ఎందుకు లేసినవ్?"

"మీకూ తెలియదు గనక. పరీక్ష చేసిన్రు. ఫలితం రాలేదు. వచ్చేదాక ఆమే పొయ్యి దగ్గరికి రాను అంటున్నది. పిల్లలకు భయం లేదు. ఆమె అడిగేది ఒక్కటే, అప్పటిదాక ఆ జాగ ఎవరికీ ఇయ్యొద్దని."

ఎవరూ ఒప్పుకోలేదు. ఉందని తేలితే అప్పుడూ ఇదే పంచాయితీ గదా, ఇప్పుడే తేల్చేస్తే పోదా అన్నారు. పెద్దసారు గడియారం చూసుకున్నారు. నేను ఓడిపోయాననే అనుకున్నాను.

అప్పుడు స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఏడో తరగతి పిల్ల తండ్రి. ఎన్ని మీటింగులు జరిగినా నోరు విప్పని మనిషి.

"నాకు టీబీ అయింది" అన్నాడు.

ఆయన పక్కన కూర్చున్నతను కొంచెం జరిగాడు. అది ఆయన చూశాడు.

"జరగకు. అయ్యి చానేండ్లాయె. ఆర్నెల్లు గోలీలు మింగిన. తక్కువైంది. మొన్న నీ చేన్ల మందు కొట్టింది నేనే గద? నీ ఇంట్ల చాయ తాగలేదా? అప్పుడెవలకు చెప్పలే, చెప్తే పనికి పిలువరని. ఇది ఎవలో చెప్పింది కాదు, నా పానం మీద అయింది. ఉందని తేలినా ఆమె మందులు తింటది, మంచిగయి వస్తది. జాగ ఉంచున్రి."

నేను అంతసేపు మాట్లాడి చేయలేనిది ఆ మనిషి నాలుగు మాటల్లో చేశాడు. ఏళ్లుగా దాచుకున్న సంగతిని అంతమంది ముందు పెట్టాడు, తనకేమీ కాని ఒక ఆడమనిషి పొయ్యి కోసం. నేను ఎవరికైనా చేతులెత్తి దండం పెట్టింది తక్కువ. ఆ రోజు ఆయనకు పెట్టాను.

జాగ ఉంచడానికి ఒప్పుకున్నారు. అయితే రెండో వంటామె ఒక్కతీ చేయలేనంది. పెద్దసారు ఎదురింటి ఆమెను ఫలితం వచ్చేదాకా సాయానికి రమ్మన్నారు. ఆమె వెంటనే తలూపింది. ఆ తలూపుడు నాకు నచ్చలేదు. ఒకసారి పొయ్యి దగ్గర కూర్చున్నామె లేస్తుందా? ఆ కొన్ని రోజులూ ఇంటర్వెల్‌లో వంట షెడ్డు వైపు నడిచి, ఆమె ఎక్కడ కూర్చుంటోందో చూసి వచ్చేదాన్ని. చేసేదేమీ లేకపోయినా చూసేదాన్ని.

ఫలితం వచ్చింది. టీబీ లేదు. కట్టెల పొగకు ఊపిరితిత్తులు పాడవుతున్నాయని, పొగ తగ్గించుకోమని డాక్టర్ చెప్పాడట. ఈ మాట నేను డాక్టర్ నోట వినలేదు, అవ్వ చెప్పింది. వంట షెడ్డుకు పొగగొట్టం కోసమూ గ్యాస్ పొయ్యి కోసమూ నేను అర్జీలు పెట్టడం మొదలుపెట్టాను. ఇంకా రాలేదు. నేనూ వదల్లేదు. నా స్వభావం ఇన్నాళ్లకు ఒక మంచి పనికి వచ్చింది.

అవ్వ తిరిగి వచ్చిన పొద్దున నేను కావాలనే షెడ్డు దగ్గర నిలబడ్డాను. ఎదురింటి ఆమె కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. అవ్వను చూడగానే చేతులు కడుక్కుని లేచి, చీర దులుపుకుంది. ఇప్పుడు అవ్వ నాలుగు దులుపుతుందని, దులపాలని, నేను ఎదురుచూస్తున్నాను. ఆమె స్థానంలో నేనుంటే ఆ కత్తిపీటతో సహా గేటు బయట పెట్టేదాన్ని.

అవ్వ కొంగు నడుముకు దోపుకుంది. గిన్నెలో చేయి పెట్టి ఒక ముక్క తీసి చూసింది.

"ఏందే, గింత లావు కోసినవ్? పోరగాండ్లు ఏరి పక్కకు పెడ్తరు. కూసో. సన్నగ కొయ్యి."

ఎదురింటి ఆమె ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత కూర్చుని కత్తిపీట దగ్గరికి లాక్కుంది. ఇప్పటికీ ఆ షెడ్డులో ఇద్దరికి బదులు ముగ్గురు. అవ్వ ఎలా క్షమించిందో నాకు తెలియదు, అసలు క్షమించిందో లేదో కూడా తెలియదు. నేను మాత్రం ఎదురింటి వాళ్లను ఇంకా పలకరించను. ఆ పొద్దున అవ్వ పొయ్యిలో కట్టె ఎగదోసి, తల తిప్పి నన్ను చూసింది.

"ఏంది మేడం, ఇంక గీడనే నిలబడ్డవ్? క్లాసు లేదా?"

ఉందన్నాను. పొగ నా కళ్లలోకీ వచ్చింది. కొంగుతో తుడుచుకుంటూ పదో తరగతి వైపు నడిచాను. బల్లల మీద ఆ రోజు ఒక్క డబ్బా కూడా లేదు.